దించే చెయ్యి

పుంగనూరు నానీ పోయిందని మదనపల్లెకు ఒక కార్డు వచ్చింది. అప్పటికే ఖననం చేసి ఐదు రోజులైంది. పాత బడిలో నా చిరునామా కనుక్కుని రాసింది ఆమె కోడలు. "నీ బిడ్డను అడుగుతాండె అమ్మా" అని చివర ఒక్క మాట. బడికి సెలవు పెట్టి బస్సెక్కాను.

నానీ నాకు చుట్టం కాదు. డెబ్బైలలో నేను పుంగనూరు బడిలో టీచరుగా ఉన్నప్పుడు మా పాపను చూసుకున్న మనిషి. వాళ్ల ముస్లిం ఇళ్లలో అమ్మమ్మను నానీ అంటారు, పాపకు అదే అలవాటైంది. మా ఆయనకు కుప్పంలో ఉద్యోగం, ఆదివారాలు వచ్చేవారు. నాకు అమ్మ లేదు. సోమవారంతో సెలవు అయిపోతుంది, తొమ్మిది నెలల బిడ్డను ఎవరి చేతిలో పెట్టాలో తెలియదు. మొదట చూసిన ఇంట్లో ముగ్గురు పసివాళ్లు పట్టపగలు కదలకుండా నిద్రపోతున్నారు. పిల్లలకు నల్లమందు నాకించే సంగతి నేనూ విన్నదాన్నే. పాపను గట్టిగా పట్టుకుని బయటపడ్డాను.

వెనకవీధిలో బొంతలు కుట్టే ముసలామె ఉందన్నారు. వెళితే నన్ను ఒక్క ప్రశ్నా అడగనివ్వలేదు.

"పాప యాల ఏడుస్తాది?" అంది.

"ఆకలికి."

"ఇంకా?"

నాకు తెలియలేదు.

"అట్లయితే రెండునాళ్లు ఈడే కూర్చో. ఇద్దరమూ సూస్తాము."

శని, ఆదివారాలు ఆ బొంతల మధ్యే కూర్చున్నాను. ఆదివారం కుప్పం నుంచి వచ్చిన మా ఆయన కూడా పక్కనే కూర్చున్నారు. "ఎత్తుకునేది అందురూ ఎత్తుకుంటారు. దించే చెయ్యి నెమ్మదిగా ఉండాల" అనేది నానీ.

సాయంత్రం నేను వచ్చేసరికి పాప మొహం కడిగి, గడప లోపల వీధివైపు తిప్పి కూర్చోబెట్టి, తాను తలుపు చాటుకు తప్పుకునేది. "నేను కనపడితే నీ తావకి రాదు" అని నవ్వేది. నిజమే. ఇంటికి తెచ్చాక పాప వెనకవీధి వైపు చేతులు చాచి ఏడ్చేది. ఆ ఊళ్లో నాకున్న తోడు నన్ను వద్దనే బిడ్డ ఒక్కతే. కుళ్లుకున్నాను, దాచడమెందుకు.

ఒక సాయంత్రం నానీ తలుపు చాటుకు పోలేదు. "ఆడ కూర్చో అమ్మా, పాప అడుగేసేట్టుండాది" అంది. ఆమె చేతుల్లోంచి పాప మూడడుగులు వేసి నా ఒళ్లో పడింది. పాప తొలి అడుగు నా వైపే వేసిందని ఏడ్చేశాను. అడుగులకు అరిసెలు చేసి వీధంతా పంచాను. మొదటి పళ్లెం నానీకే ఇచ్చాను. "నడిసేసిందే!" అని బుగ్గ నొక్కుకుంది.

మరుసటేడు కుప్పానికి బదిలీ. నానీ బస్సు దాకా రాలేదు. రెండు ఉత్తరాలు రాసి మానేశాను. తర్వాత మదనపల్లె వచ్చాం. బస్సు పుంగనూరులో ఆగినప్పుడల్లా దిగాలనుకునేదాన్ని. ఒక్కసారీ దిగలేదు.

మొన్న వెళ్లినప్పుడు, పాప అడుగేసిన ఆ నడవలోనే కోడలు చెప్పింది: "అరిసెలు పంచితివే, దానికి పదినాళ్లు ముందే నడిసిందమ్మా పాప. ఈడనుంచి ఆ గోడ దాకా. ఎవురన్నా చెప్తే నాలిక కోస్తాననింది మా అత్త. ఆ తల్లికి ఈ ఊళ్లో ఎవురుండారు, ఆ తొలి అడుగన్నా ఆమెకి ఉండనీ అనింది."

తిరిగి వచ్చే బస్సులో ఆ సాయంత్రమే కళ్లముందు ఆడింది. పాప నా ఒళ్లో పడ్డాక కూడా అవతల నానీ చేతులు రెండూ, వదిలినవి వదిలినట్టే, చాచి ఉన్నాయి. ఆరోజు నేను పాపనే చూశాను.