ముట్టుకుంటే ఆడాల్సిందే

చదరంగం వల్ల నాకు ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం వల్ల చదరంగం పోయింది. వయసులో ఉన్నప్పుడు జాతీయ పోటీల్లో పతకం తెచ్చానని స్పోర్ట్స్ కోటాలో కుప్పంలోని ఒక ఆఫీసులో కూర్చోబెట్టారు. ఆ కుర్చీలోంచి లేచి పోటీకి పోతానంటే మాత్రం సెలవు దొరకదు. నెలాఖరని, ఆడిట్ అని, ఎలక్షన్ డ్యూటీ అని, ఏదో ఒక అడ్డం. ఎవరితో చెప్పుకున్నా "గవర్నమెంటు ఉద్యోగం, ఇంగేం కావాల నీకు?" అనేవాళ్లే. ఒళ్లు మండిపోయేది.

గత ఏడాది రాష్ట్ర పోటీలు మదనపల్లెలో, ఒక కల్యాణమండపంలో జరిగాయి. రెండో శనివారం, ఆదివారం కలిసిరావడంతో ఎవరినీ అడగకుండా వెళ్లాను. నా వయసులో సగం కూడా లేని పిల్లలతో ఆడి గెలిచాను. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ జాతీయ పోటీలకు ఎంపికయ్యాను. నలభై దగ్గర పడుతోంది. ఈసారి పోకపోతే ఇక ఎప్పటికీ పోనని నాకు తెలుసు.

పుంగనూరులో బొరుగుల అంగడి నడిపే మా నాయన ఆ వార్త విని, అటక మీదున్న నా పాత పెట్టె దించి, దుమ్ము దులిపి, జిప్పు బాగుచేయించి పెట్టాడు. నాకు ఆట నేర్పింది ఆయనే, ఆ అంగట్లోనే. ఒక పావు మీద వేలు పెట్టి, మనసు మార్చుకుని ఇంకోదాన్ని పట్టుకున్నానంటే చాలు, పొట్లాలు కట్టే చేత్తోనే వేళ్ల మీద ఒకటి వేసేవాడు.

"ముట్టుకుంటే దాన్నే ఆడాల పాపా. ముందు సూడు, ఆమైన ముట్టుకో."

పెద్ద పోటీల్లోనూ నియమం అదే. కానీ అక్కడికి పోయేలోపే అది నా ఒంట్లోకి దిగిపోయింది.

సెలవు మీద సంతకం పెట్టాల్సింది మా ఆఫీసు పెద్దసారు. మనిషి చెడ్డవాడేం కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయనకు చదరంగం ఆడందే తోచదు. జాతీయ స్థాయి క్రీడాకారిణి తన దగ్గర పనిచేస్తోందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు. ఆ క్రీడాకారిణిని ఆటకు పంపించడు, అంతే! ఆయనకున్నది ఒకటే కోరిక, నన్ను ఒక్కసారైనా ఓడించాలని. అది కనిపెట్టి మా అటెండరక్క నాకొక ఉపాయం చెప్పింది.

"ఒక్క ఆట ఓడిపో మేడం. నీ సొమ్మేం పోతాది? ఆ సంతోసంలో యాడ పెట్టమంటే ఆడ పెడతాడు సంతకం."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. గెలిస్తే సారుకు కోపం, ఓడితే నా చేతులకే కోపం. అయినా సరేనన్నాను.

నా బతుకులో అంత కష్టమైన ఆట ఇంకోటి ఆడలేదు. ఓడిపోవడం నా చేతిలో పని అనుకున్నాను. ఎదుటి మనిషికి కనపడాలి కదా! నా మంత్రిని తీసుకెళ్లి ఆయన గుర్రానికి అందేలా పెట్టాను. ఆయన గడ్డం గోక్కుని, గోక్కుని, ఎక్కడో మూలనున్న బంటును జరిపాడు. నేను మంత్రిని అక్కడే ఉంచి ఇంకేదో ఆడాను. ఆయన మళ్లీ బంటునే జరిపాడు. ఆఫీసు జనమంతా క్యారియర్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. "కొట్టవయ్యా సామీ, నీకు పుణ్యముంటుంది" అని లోపల మొత్తుకుంటున్నాను.

చివరికి సారు తన ఏనుగును పట్టుకుని, ఎత్తబోయి ఆగాడు. మంత్రి కనపడింది. ముఖం వెలిగిపోయింది. ఏనుగును వదిలేసి గుర్రం వైపు చెయ్యి చాపాడు.

"ముట్టుకుంటే దాన్నే ఆడాల సార్."

అన్నది నేనే. అనాలని అనలేదు, మాట దానంతటది వచ్చేసింది. అటెండరక్క నెత్తి కొట్టుకుంది.

"పర్వాలేదు సార్, గుర్రంతోనే కొట్టండి" అని బతిమాలాను. అప్పటికే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"యాలమ్మా? రూల్ కదా. నాకేం నువ్వు దానం చేయబళ్లేదు" అని ఏనుగునే జరిపి, బోర్డు పక్కకు నెట్టేశాడు. "నువ్వే గెలిచినావ్ లే."

సాయంత్రం సెలవు కోసం ఆయన గదిలోకి పోయాను. తలెత్తకుండానే అన్నాడు: "నెల ముందే అడగాల్సిందమ్మా. రూల్ అంటే రూలే."

నాయనకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పెట్టె సర్దేసినానే" అన్నాడు. మళ్లీ తనే, "అయినా నువ్వు చెప్పిందే సరి పాపా. ముట్టుకున్నాక ఇడిసిపెడితే అది ఆటెట్లయితాది?" అన్నాడు.

ఆ గొంతులో గర్వం విని నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నేర్పిందే నన్ను ఇక్కడ కట్టేసిందని ఎట్లా చెప్పను?

జాతీయ పోటీలు మొదలైన రోజు మధ్యాహ్నం సారు పిలిపించాడు. కోపం ఎప్పుడో పోయిందాయనకు. పావులు వరసగా పేర్చుకుని, ఎదురుగా కుర్చీ వేయించి కూర్చున్నాడు.

"రామ్మా. ఈ పొద్దు నుంచి నీ రూలే. ముట్టుకుంటే ఆడాల, సరేనా?"

అక్కడ నా కుర్చీ ఖాళీగా ఉంటుంది, బోర్డు పక్కన ఆట గడియారం నడుస్తూ ఉంటుంది. ఇక్కడ కూర్చున్నాను. తెల్ల పావులు నావే. రాజు ముందున్న బంటు మీద వేలు పెట్టాను.