గార్డు వేసిన ముడులు

1968 మాఘమాసం, సోమవారం పొద్దున్న ఏడు గంటలకు గడ్డి రిజర్వు గేటు తీశారు. ఏడైందని గార్డు వాచీ చూసి గట్టిగా చెప్పాడు కాబట్టి తెలిసింది. నాకప్పటికి గడియారం చూడ్డం రాదు, చదువూ రాదు.

బొబ్బిలికి పైన, కొండ దిగువన ఉండేది ఆ రిజర్వు. చుట్టూ కంచె. ఏడాదంతా లోపలికి గొడ్డు దూరకూడదు, కొడవలి పోకూడదు. మాఘంలో మాత్రం ఇల్లు కప్పుకోవడానికి ఇంటికొక రోజు కోసుకోనిచ్చేవారు, పొద్దుగూకే వరకే. ఆ ఏడు మొదటి రోజు మాకొచ్చింది. మా కప్పు కుళ్లిపోయి వెనకటి వానలకు పొయ్యిలోకే నీళ్లు కారాయి. నాకు ఆరో నెల. మళ్లీ వానలొచ్చేసరికి ఒళ్లో పసిగుడ్డు ఉంటుంది. ఆ రోజు గడ్డి దొరక్కపోతే దాన్ని ఎక్కడ పడుకోబెట్టాలి?

లోపలికి వెళ్లాక మాత్రం ఇదంతా మరిచిపోయాను. గడ్డి నా తల మీదికి ఉంది. గాలికి మొత్తం ఒక పక్కకు వాలి మళ్లీ లేస్తోంది. కాళ్ల దగ్గర నుంచి కౌజు పిట్టలు బుర్రుమని లేచాయి. బయట అంత గడ్డి ఎక్కడుంటుంది, గొడ్లు ఎదగనిస్తేగా.

అప్పుడు కనిపించింది ముడి. మా వైపు గడ్డి కొసలు ముడేసి ఉంటే, ఆ చుట్టూ ఉన్నది ఎవరో పట్టుకున్న గడ్డి అని లెక్క. వేసినవాళ్లే విప్పాలి. వేరేవాళ్లు కొడవలి పెడితే ఊళ్లో తలెత్తుకోలేరు. పది అడుగులకొక ముడి. మంచి గడ్డి ఎటు చూసినా ముడే.

"ఎవులో మనకంటే ముందే దూరిపోనారు," అంది మా అత్త.

"ఇప్పీసి కోసీదమే అమ్మా. ఎవుడు సూస్తాడు?" అన్నాడు మా ఆయన.

"నాను సూత్తాను. కొడవలి కింద ఎట్టు."

నాకు ఏడుపొచ్చింది. ఏడవకుండా తిన్నగా గార్డు దగ్గరికి వెళ్లాను. "ఏటి బావూ, గేటిప్పుడు తీసినావు. లోపల గడ్డి ఎవులికిచ్చీసినావు?"

గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మీసాలాయన అతను. "ఎవరికీ ఇవ్వలేదండి. ముడులు నేనే వేశాను. వచ్చి నెల కాలేదు, గడ్డిలో పడితే దారి తెలియడం లేదు. గుర్తుకని వేసుకున్నాను," అన్నాడు.

మా అత్త నవ్వలేక కింద కూలబడింది. "రిజర్వంతా నువ్వే పట్టీసినావు కదేటి. నీకెన్ని ఇల్లులున్నాయి బావూ కప్పడానికి?"

"కోసుకోండమ్మా, ముడుంటే ఏమైంది?"

"అలగ్గాదు. ఏసినోడే ఇప్పాల. రా."

ఆ ఖాకీ మనిషి ముందు నడుస్తూ ఒక్కొక్కటే విప్పాడు. వెనక మేము కోసుకుంటూ వెళ్లాం. గడ్డి అంచులకు వేళ్లు గీసుకుని అతను చెయ్యి విదిలిస్తుంటే మా ఆడబిడ్డ ఊరుకోలేదు. "పెల్లిలో మూడే ఏసినావు. ఇక్కడ మూడొందలేసినావేటి బావూ?" అతనూ నవ్వాడు.

మధ్యాహ్నానికి అతని గుర్తులన్నీ పోయాయి. "గేటు ఎటండీ?" అని మా అత్తనే అడిగాడు.

"మా ఎనకాల రా. ఉత్తినే ఎందుకొస్తావు, ఆ మోపెత్తుకో."

ఎత్తుకున్నాడు కూడా. నన్ను మాత్రం మోపు ముట్టుకోనివ్వలేదు మా అత్త. పొద్దుగూకేసరికి కప్పు రెండు వాలులకీ సరిపడా గడ్డి బండికెక్కింది. ఆ వానాకాలం మా ఇంట్లో ఒక్క చుక్క పడలేదు.

ఆ రోజు గడ్డిలో ఉన్నది మా అత్త, మా ఆయన, మా ఆడబిడ్డ, ఆ గార్డు, నేను, నా కడుపులో మా పెద్దమ్మాయి.