వాల్వు మూత మీద నల్లచుక్క

ఎరువులు, విత్తనాల దుకాణం నడిపేవాడికి అనుమానం జబ్బు కాదు, సరుకు. మా దుకాణానికి వచ్చే రైతు పత్తిగింజల ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని ముందు సీలు చూస్తాడు, తర్వాత నా మొహం చూస్తాడు, మళ్లీ సీలు చూస్తాడు. రెంటిలో ఏది నకిలీదో తేలాకే జేబులో చెయ్యి పెడతాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా, ఆయన ఇచ్చిన నోటును వెలుతురుకు పట్టి చూస్తాను. ఇట్లా ఒకరినొకరం శంకించుకుంటూ సిద్దిపేటలో అందరం సుఖంగానే ఉన్నాం. ఆ అలవాటు దుకాణం షట్టరు దాటి నా వెంటే ఇంటికొచ్చి, బండి వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుంటుందని మాత్రం అనుకోలేదు.

నా భార్య కొండపాక దిక్కు ఒక బడిలో టీచరు. పొద్దున ఆమెను బండి మీద దింపి వచ్చాకే నేను దుకాణం తెరిచేవాణ్ని. పోయిన వానాకాలం, దారిలో కాలువ మీది మోరీ దాటుతుండగా వెనక చక్రం ట్యూబు పేలింది. ట్యూబు సంగతి అంతే, పోతే గాలంతా ఒక్కసారే పోతుంది. బండి ఒక దిక్కు, నేను ఒక దిక్కు, ఆమె మోరీ గోడ దిక్కు. నాకు ప్యాంటు చినిగింది, ఆమెకు మోచెయ్యి చినిగింది. ప్యాంటుకూ కుట్లు పడ్డాయి, మోచేతికీ పడ్డాయి. కట్టు విప్పిన రోజు ఆమె నెమ్మదిగా, ఇక మీద బస్సులో పోతానని చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు జవాబు ఉంటుంది, బస్సుకు ఏముంటుంది?

అప్పటినుంచి వెనక సీటు మీద ఉల్లిగడ్డల సంచి కూర్చోవడం మొదలుపెట్టింది. సంచి భుజం పట్టుకోదు. గుంత కనపడితే "మెల్లగ" అనదు. పెండ్లయినప్పటి నుంచి ఆ మాట విని విసుక్కున్నవాణ్ని, అది లేకపోయేసరికి ప్రతి గుంతలోనూ బండి దింపాను.

అందుకని చక్రాలు మార్చాలని పెట్టుకున్నాను. స్పోకు పుల్లల చక్రాలు తీసేసి, నా బండికే సరిపోయే అల్లాయ్ చక్రాలు వేసి, వాటికి ట్యూబ్‌లెస్ టైర్లు ఎక్కించాలి. మేకు దిగినా అందులో గాలి మెల్లగా పోతుంది, మనిషికి బండి ఆపుకునే వ్యవధి ఇస్తుంది. ఈ మాట ఆమెకు చెప్తే, చేతిలో పిల్లల కాపీలు దిద్దుకుంటూనే అన్నది. "గాలి నిలిస్తే ఎక్కుత. నిలవనియ్యి ముందు." ఇంకో మాట కూడా అడిగింది, బండికి నిమ్మకాయ మిరపకాయలు కడదామా అని. నేను ఊరుకుంటే పోయేది. ఉప్పు కూడా వేస్తే పచ్చడి అవుతుంది గదా అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ పచ్చడి తర్వాత నేనే తిన్నాను.

కొత్త చక్రాల ధర విన్నాక పాత సామాన్ల దుకాణంలో ఒక జత తెచ్చాను. రంగు పొలుసులు లేచి, ఎండకు కమిలిన వీపులాగా ఉన్నాయి. ఇంటి స్లాబు మీద పని మొదలైంది. ఫోనులో వీడియోలు చూసి, రంగు ఊడగొట్టే మందు పూసి, నీళ్లు తడుపుతూ ఎమ్రీ కాయితంతో రుద్దాను. రెండు కుర్చీల మధ్య గడ్డపార పెట్టి, దానికి చక్రాన్ని దూర్చి, తిప్పుకుంటూ స్ప్రే డబ్బాతో రంగు కొట్టాను. ముందు బూడిదరంగు ప్రైమరు, దాని మీద నలుపు, ఆ పైన మెరుపు పూత. రాజకీయాల్లో లేకపోయినా కొన్నాళ్లు చక్రం తిప్పానని నాకు నేనే చెప్పుకున్నాను. అయితే చక్రానికి ఎంత అంటిందో, నాకూ అంతే అంటింది.

ఎదురింటి కాక వాళ్ల స్లాబు మీదికి కూడా కొంత రంగు పోయింది. ఆ కాక ఒకప్పుడు లారీలు నడిపించినవాడు. ఇప్పుడు గేటు ముందర కుర్చీ వేసుకుని మా గల్లీని నడిపిస్తున్నాడు. ఆ రోజు గాలి అటు వీచింది, వాళ్లు ఎండబోసిన మిరపకాయల మీద నల్లటి తుంపర పడింది. కాక గుప్పెడు మిరపకాయలు తెచ్చి నా ముందు పోసి, ఇవి ఏ రకం విత్తనమో నీ దుకాణంలో దొరుకుతదా తమ్మీ అని అడిగాడు. నేను తప్పయిందన్నాను. ఆయన అయిందన్నాడు. ఆ తర్వాత మాట బంద్.

రంగు పని సాగుతుండగా జరిగిన చిన్న సంగతి ఒకటి ఉంది. ఆదివారం ఆమె తోటి టీచర్లతో కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోయి వచ్చింది. మరునాడు వెనక చక్రానికి నలుపు ఒక పూత కొట్టి నేను దుకాణానికి పోయాను. మధ్యాహ్నం అన్నానికి వస్తే ఆమె స్లాబు మీంచి దిగుతూ ఎదురైంది. ఆ రోజు బడికి సెలవు పెట్టింది. ఎండేసిన బట్టల కోసం పోయినానన్నది, చేతిలో బట్టలు లేవు. చూపుడువేలికి నలుపు ఉంది. అదేందని అడిగితే కాటుక అన్నది. ఆమె కాటుక పెట్టుకోగా నేను పెండ్లిలో తప్ప చూడలేదు. పైకి పోయి చూస్తే స్ప్రే డబ్బా మూత పక్కకు పడి ఉంది. మూత నేను గట్టిగా పెట్టినట్టే గుర్తు. కాక పనేమోనని ఎదుటి స్లాబు దిక్కు చూశాను. అక్కడ మిరపకాయలు తప్ప ఎవరూ లేరు.

టైర్లు పంక్చర్ షాపులో ఎక్కించుకుని వచ్చాను. బండి నిజంగా ముద్దొచ్చింది. గల్లీలో నిలబెట్టి, దూరంగా పోయి ఒకసారి, దగ్గరికొచ్చి ఒకసారి చూసుకున్నాను. ఆమె బడికి పోతూ ఆగి, వెనక టైరును బొటనవేలితో ఒత్తి చూసింది, రైతు నా ప్యాకెట్టును ఒత్తినట్టే. గట్టిగానే ఉంది. "రేపు సుత నిలుస్తదేమో చూద్దాం" అని బస్సుకు పోయింది.

తెల్లారి చూస్తే వెనక టైరు కుంగి ఉంది.

పంపు కొట్టాను. మళ్లీ తెల్లారేసరికి కుంగింది. ముందు టైరు మాత్రం రాయిలాగా ఉంది. పంక్చర్ షాపుకు తీసుకపోతే అతను చక్రం విప్పే శ్రమ పెట్టుకోకుండా, టైరు చుట్టూ నీళ్లు చల్లి మేకు లేదన్నాడు. వాల్వు మీద ఉమ్మితో తడిపి బుడగ లేదన్నాడు. ఊరికే పంపడం ఇష్టంలేక వాల్వు లోపలి పిన్ను మార్చాడు. మళ్లీ కుంగిందని పోయినప్పుడు చేతులు తుడుచుకుంటూ, నా చెవి దగ్గరికొచ్చి చెప్పాడు.

"గాలి పోతలేదు సార్. ఎవరో తీస్తున్నరు."

ఆ ఒక్క మాట చాలు నాలాంటివాడికి. టైరులోంచి పోయిన గాలంతా నా తలలోకి ఎక్కింది. దుకాణంలో కూర్చున్నా అదే లెక్క. తీసేవాడికి ఏదో కారణం ఉండాలి గదా. కాకకు మిరపకాయల కారం ఉంది. పొద్దున లేచి తలుపు సందులోంచి కాకను చూసేవాణ్ని. ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగుతూ నా బండి దిక్కే చూస్తుండేవాడు. ఎదురింట్లో కూర్చున్నవాడు ఎదురుగా ఉన్నది తప్ప ఇంకేం చూస్తాడనే ఆలోచన నాకు రాలేదు. చూశాడంటే తీశాడన్నట్టే.

అయితే అనుమానం ఒక ఇంట్లో ఆగేది కాదు, రోడ్డు దాటి వెనక్కి వస్తుంది. టైరు కుంగిన ప్రతి పొద్దునా లాభం ఎవరికి? కాకకు ఒక నవ్వు దొరుకుతుంది, అంతే. బండి ఎక్కకుండా ఉండే సాకు దొరికేది మాత్రం ఇంకొకరికి. గాలి నిలిస్తే ఎక్కుతానన్నది ఎవరు? పొద్దున్నే టైరు దగ్గర వంగేది ఎవరు? ఆమె వేలికి నలుపు గుర్తొచ్చింది, బట్టలు లేని చేతులు గుర్తొచ్చాయి. ఆమెకు ఎక్కడం ఇష్టం లేదు, ఆ మాట నా మొహం మీద అనలేక గాలి తీస్తున్నది. ఈ ఆలోచన వచ్చిన రోజు అన్నం సగంలో లేచాను. ఏమైందని ఆమె అడిగితే కడుపులో గాలి పట్టిందన్నాను.

దుకాణం బుద్ధి ఉపాయం చెప్పింది. వాల్వు మూతను బిగించి, మూత అంచూ కింది గొట్టమూ కలిసేచోట మిగిలిన నల్లరంగుతో చిన్న చుక్క పెట్టాను. ఎవరు మూత తిప్పినా చుక్క రెండు ముక్కలవుతుంది. ప్యాకెట్టు సీలు పగిలినట్టే, దొంగ దొరికినట్టే.

తెల్లారి పోయి చూశాను. టైరు కుంగి ఉంది. చుక్క మాత్రం చెక్కుచెదరలేదు. ఇదెట్లా అని నేను ఇంకా వంగి ఉండగానే, భుజానికి సంచి వేసుకుని ఆమె వెనక నిలబడ్డది.

"గీ చుక్క ఏంది?"

దిష్టిచుక్క అన్నాను. నిమ్మకాయలకు పచ్చడి నూరినవాణ్ని నేను, ఆ సంగతి నోరు జారాకే గుర్తొచ్చింది.

ఆమె వంగి చూసింది. "దిష్టిచుక్క మూతకూ గొట్టానికీ కలిపి పెడుతరా? దుకాణంల సంచులకు సీలేసినట్టున్నది. ఎవరి కోసం వేసినవ్?"

కాక మీద నెపం పెట్టాను. మెల్లగా, ఆయనకు వినపడకుండా.

"కాక మోకాళ్లు వంగవు. పండుగకు కింద బంతిల కూసోలేక కుర్చీ వేయించుకున్నడు, నువ్వే వేసినవ్. గా వాల్వు అందాలంటే కింద గొంతుక్కూసోవాలె." ఆగింది. "ఇగ ఈ ఇంట్ల వంగేది నేనొక్కదాన్నే."

రోడ్డు మీద బస్సు హారను కొట్టి పోయింది. అది ఆమె ఎక్కాల్సిన బస్సే. ఆమె అటు చూడలేదు. సంచి మెట్ల మీద పెట్టి, లోపలికి పోయి బట్టల సబ్బు కలిపిన నీళ్ల బకెట్, పాత గుడ్డ తెచ్చింది. నన్ను పంపు కొట్టమన్నది. కొట్టాను. ఆమె కొంగు దోపుకుని చక్రాన్ని బర్రెను కడిగినట్టు అంతా తడిపింది. పంక్చర్ షాపు అతను చూడని జాగలో కూడా, టైరు చక్రంలోకి కూర్చునే అంచు పొడుగునా గుడ్డ పిండుతూ పోయింది.

ఒకచోట నురగ లేచింది. సన్నగా, పాలు పొంగేముందు లేచినట్టు, బుడగ వెనక బుడగ. నాకు ఊపిరి వచ్చింది. గాలి దానంతట అదే పోతున్నది, ఎవరూ తీస్తలేరు. ఆ సంతోషంలో ఉండగానే నురగ రంగు మారింది. తెల్లటి నురగ అంచున ఎరుపు దిగింది. ఆమె వేలు కోసుకుందేమోనని చెయ్యి పట్టుకుని చూశాను. కోసుకోలేదు. అయితే తుప్పు అన్నాను. అల్లాయ్ చక్రానికి ఎర్రతుప్పు రాదని నాకు తెలుసు, అయినా ఆ పాత సామాన్ల దుకాణంవాణ్ని అనుమానించే అవకాశం వదులుకోబుద్ధి కాలేదు.

ఆమె గుడ్డ బకెట్లో వేసింది.

"తుప్పు కాదు. బండారి. పసుపుకు సబ్బు తాకితే ఎర్రగైతది."

కొమురవెల్లి నుంచి బండారి, అంటే గుళ్లో ఇచ్చే పసుపు, తెచ్చిందంట. మల్లన్న బండారి బండికి పెడితే మళ్లీ కూర్చునే ధైర్యం వస్తుందని ఆశ. పైన కనపడేటట్టు పెడితే నేను ఎక్కిరిస్తానని, నా మెరుపు పూత పాడవుతుందని, ఎవరికీ కనపడని జాగ కోసం వెతికింది. వెనక చక్రం అంచు, టైరు కప్పేసే జాగ, దొరికింది. ఆమె సీటు దాని మీదే గదా. తడి రంగు మీద చిటికెడు అద్ది, పసుపు కనపడకుండా పైనుంచి నల్లరంగు తనే కొట్టింది. కాటుక అదే. పొడి మీద రంగు ఎప్పుడైనా నిలుస్తుందా? పెచ్చులు లేచి, గాలికి దారి ఇచ్చింది. అసలు ఆ అంచుకు మందంగా రంగే వెయ్యకూడదట. వెయ్యకూడని జాగలో నేను వేశాను, పెట్టకూడని జాగలో ఆమె పెట్టింది.

"ఎక్కాలనే పెట్టిన" అన్నది. "నువ్వేమో ఎక్కద్దని తీస్తున్న అనుకున్నవ్."

చక్రం దిక్కు చూశాను. ఎర్ర నురగ ఇంకా వస్తూనే ఉంది.

ఆ రోజు దుకాణం తెరవలేదు. టైరు ఊడదీయించి, చక్రాన్ని మళ్లీ స్లాబు మీదికి మోసుకపోయాను. అంచు పొడుగునా రంగు గీకి, ఎమ్రీ కాయితంతో నున్నగా రుద్దాను. బండారి ఉన్నచోట నా చెయ్యి ఆగింది. ఆమెను పిలిచాను. ఆ కొంచెం ఆమె గీకింది, రాలిన పొడిని కొంగులోకి ఎత్తుకుని తులసిచెట్టు మొదట్లో వేసింది. కిందినుంచి కాక తల ఎత్తి, ఇవాళ గాలి ఎటు ఉన్నది తమ్మీ అని అడిగాడు. మాట కలిసినట్టేనా, పొడిచినట్టా అని నాకు మళ్లీ అనుమానం. రంగు పొడి ఎగురుతుంది, మిరపకాయలు లోపల పెట్టుకోమని చెప్పాను, ఈసారి ముందే.

టైరు మళ్లీ ఎక్కించాక, తెల్లారి చూస్తే గట్టిగా ఉంది. ఆ మరునాడు కూడా. పంపు కొట్టినప్పుడు రెండు ముక్కలైన నల్లచుక్కను తుడవబోతే ఆమె ఆపింది. దిష్టిచుక్క అన్నవు గదా, ఉండనీ అన్నది. మిగిలిన బండారి పొట్లం తెచ్చి, హెడ్‌లైటు మీద నడుమంతా పరుచుకునేటట్టు పెద్ద బొట్టు పెట్టింది. నేను పచ్చడి మాట ఎత్తలేదు. సంచి ముందు వేలాడదీసి, ఆమె వెనక కూర్చుంది. భుజం మాత్రం పట్టుకోలేదు, సీటు వెనక కడ్డీ పట్టుకుంది.

మోరీ దగ్గరికి రాకముందే ఆపమన్నది. దిగి, వంగి, వెనక టైరును బొటనవేలితో గట్టిగా ఒత్తింది. నేను అద్దంలో చూస్తున్నానని ఆమెకు తెలుసు.

"అనుమానం టైరు మీదనే" అన్నది. "నీ లెక్క మనిషి మీద కాదు."

మళ్లీ ఎక్కింది. బండి కదిలాక ఆమె చెయ్యి నా భుజం మీద పడ్డది. మోరీ ఇంకా దూరంగానే ఉంది.

"మెల్లగ."