చవితి పాలూ, మడుగులో మలుగూ

మడుగులో నేను పట్టిన మలుగు బారెడు పొడవని ఊరంతా చెప్పాను. ఇక్కడ నిజం రాస్తున్నాను: రెండు మూరలు. సరే, మూరన్నర. లావు మాత్రం నా ముంజేయంత ఉంటుంది, అందులో తగ్గించేది లేదు.

మలుగంటే చూడ్డానికి పాములా ఉండే చేప. సముద్రంలో పుట్టి, వేలెడు పిల్లగా ఉన్నప్పుడే ఏటికి ఎదురెక్కి వస్తుంది. ఆ వయసులో తడి తగిలితే చాలు, రాతిగోడనైనా పాకుతుంది. ఏళ్ళ తరబడి మన మడుగుల్లో పెరిగి, ఒళ్ళు బలిశాక, కార్తీకం వానలకు ఏరు పారితే ఆ నీళ్ళతో మళ్ళీ సముద్రానికి పోతుంది, గుడ్లు పెట్టడానికి. ఆ నీళ్ళు తప్పిపోతే దాని పుట్టుకే దండగ.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. స్వర్ణముఖికి అడ్డంగా కట్టిన గోడ వెనక మడుగు రోజురోజుకూ ముడుచుకుపోతోంది. ఆ గోడను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నీళ్ళు నిలపాలన్నారు, బాగుంది. కింద ఒక తూము పెట్టారు, అదీ బాగుంది. పని అయ్యాక మిగిలిన సిమెంటును ఆ తూములోనే కుమ్మరించి పోయారు! నీళ్ళలో ప్రాణాలుంటాయనీ, వాటికి రాకపోకలుంటాయనీ ఒక్కడికీ తట్టలేదు.

నేను బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. మా ఇంట్లోకి ఉల్లిపాయ కూడా రాదు. నాకేమో చిన్నప్పటి నుంచీ గాలం పిచ్చి. పట్టిన చేపను పట్టినట్టే వదిలేస్తాను. అయినా మా ఆవిడ, పెరట్లో కొళాయి కింద తల తడిస్తేగాని నన్ను గడప దాటనివ్వదు.

ఒకరోజు టీకొట్టు దగ్గర, బ్యాటరీ పెట్టి నీళ్ళలోకి కరెంటు వదిలి చేపలు పట్టే మనిషి నన్ను ఆపాడు.

"అయ్యోరా, ఆ మడుగులో ఏమన్నా ఉండాదా?"

కరెంటు పెడితే వేలెడు పిల్లతో సహా అన్నీ చచ్చి తేలుతాయి. వాడిని ఆపడానికి నా నోటికి అందింది అబద్ధమే.

"ఉండాడప్పా, నాగేంద్రుడు. నా తొడంత లావు. మీసాలు గూడా వచ్చినాయి. మొన్న నా పక్క సూసి బుస కొట్టినాడు."

వాడు రెండు చెంపలూ వేసుకుని వెళ్ళిపోయాడు. నేను మీసం లేకపోయినా తిప్పుకున్నంత పని చేశాను.

నాగుల చవితి వచ్చింది. పొద్దున్నే మడుగు దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, తిరునాళ్ళ! తిరుచానూరులో పూలమ్మే ఆవిడ ముందు నిలబడింది, వెనక ఆడవాళ్ళ గుంపు. పుట్టలో పోయాల్సిన పాలన్నీ మడుగులో పోస్తున్నారు. పసుపు, కుంకుమ, చిమ్మిలి, కోడిగుడ్లు. ఖాళీ పాలప్యాకెట్లు తెప్పల్లా తేలుతున్నాయి. ఆ కొంచెం నీళ్ళు తెల్లగా చిక్కబడ్డాయి. ఒడ్డున చిన్న చేపలు నోళ్ళు తెరిచి గాలికి కొట్టుకుంటున్నాయి. వాటి పక్కనే మలుగు తల పైకెత్తింది. ఆడవాళ్ళంతా "నాగమ్మా!" అంటూ ఇంకో బిందె పోశారు.

"ఆపండమ్మా! పాలు పులిస్తే అది సచ్చిపోతాది. అది పాము కాదు, చేప!" అని అరిచాను.

పూలావిడ నా వైపు తిరిగింది. "ఏంది సామీ, మీసాలుండాయని సెప్పింది మీరే గదా?"

"అబద్ధం సెప్పినా."

"నామం పెట్టుకోని అబద్ధమా?"

"నామం నుదుటికి పెట్టుకున్నా తల్లీ, నాలుకకు కాదు."

నవ్వారే గాని బిందెలు దించలేదు. నా మాట నమ్మింది ఒక్కడే. గుంపు వెనక నుంచి బ్యాటరీ మనిషి గొంతు వినిపించింది. "చేపా? ఎన్ని కేజీలుంటాది అయ్యోరా?"

పామంటే పాలతో చంపుతారు, చేపంటే కరెంటుతో చంపుతారు. ఆ రెండు చావులకూ నా నోరే కారణం. వాళ్ళ మీద వచ్చిన కోపానికి రెండింతలు నా మీద వచ్చింది.

గాలం వేస్తే మలుగు కడుపు దాకా మింగుతుంది, తీయలేం. దానికి వేరే పద్ధతుంది. పూలావిడ బుట్టలోంచి దండ కట్టే దారం అడిగి తీసుకున్నాను. తడి మట్టి తవ్వి ఎర్రలు తీసి, దారానికి పొడవునా గుచ్చి, ఉండలా చుట్టాను. అది కరిస్తే సన్నటి పళ్ళకు దారం చిక్కుకుంటుంది, గొంతుకు ఏమీ కాదు. చవితి పూట, నామాలతో, మోకాటిలోతు పాలనీళ్ళలో నిలబడి వానపాముల ఉండ ఆడిస్తున్నాను. మా ఆవిడ చూసి ఉంటే కొళాయి చాలదు, పుష్కరిణిలో ముంచేది.

చాలాసేపు ముట్టలేదు. ఆఖరికి దారం బరువెక్కింది. నింపాదిగా పైకెత్తి గోనెసంచి మీదికి లాగాను. గుంపంతా కేకలేస్తూ వెనక్కి దూకింది. పూలావిడ మాత్రం వంగి చూసింది.

"చెవుల కాడ రెక్కలుండాయే సామీ!"

"అందుకే చేపంటినమ్మా."

బ్యాటరీ మనిషి బక్కెట్టుతో వచ్చేశాడు. "ఇట్లా ఇయ్యి అయ్యోరా, నీకెట్లాగూ పనికిరాదు గదా."

నేను నోరు తెరిచేలోపే పూలావిడ అడ్డం వచ్చింది. "నాగమ్మ మొగం ఉండేదాన్ని చవితినాడు కూరొండుకుంటావా రా? నీ ఇంట్లో ఆడోళ్ళు లేరా?" వాడు బక్కెట్టు వెనక దాచుకున్నాడు.

మలుగును గోనెలో చుట్టి గోడ దిగాను. అటు పక్క ఇసుక తోడేసిన గుంటలు, వాటిలోకి ఊరి మురుగు. అయినా పారే నీరు. గోనె విప్పగానే జారిపోయింది. వెనక్కి చూసిందని ఊళ్ళో చెప్పాను. చూడలేదు.

ఆ వారంలోనే వాన దంచింది. నీళ్ళు గోడ మీదుగా పొర్లి, పాలప్యాకెట్లను కూడా తోసుకుపోయాయి. పూలావిడ రోడ్డు మీద ఎదురై అడిగింది. "యాడికి పోయుంటాది సామీ?"

"సముద్రానికమ్మా. లోతుకు పోయి గుడ్లు పెడతాది. పిల్లలు మళ్ళా ఏరెక్కి ఈడికే వస్తాయి."

"ఇంక సాలు సామీ! మీసాల నాగును నమ్మినా గానీ, ఇది మాత్రం నమ్మను," అని నవ్వుకుంటూ పోయింది.

నా జన్మలో చెప్పిన ఒక్క నిజం! ఆ మంటతోనే గోడ దగ్గరికి పోయి, రాయి తీసుకుని తూములోని సిమెంటును కొట్టాను. ఆ పిల్లలు వచ్చేసరికి దారి ఉండాలి కదా. పెద్ద పెచ్చే ఊడింది, అరచేతంత.

గోరంత.