మోకాలికి నరమిచ్చినవాడి బియ్యం

ఉదయం ఆరూ ఇరవైకి అన్న మగ్గం గుంటలోకి దిగాడు. గోడ గడియారం నాకు ఎదురుగా ఉంది కాబట్టి సమయం గుర్తుంది. ముందు ఎడమ కాలు, తర్వాత ఆపరేషన్ అయిన కుడి కాలు. నేను చెయ్యి అందించబోతే వద్దన్నాడు.

మా గద్వాల చీరను ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. తొక్కుడు చెక్కలు తొక్కేది అన్న, అంచు కలిపే పని నాది. బస్సు మెట్టు మీద జారి అతని మోకాలు మెలిపడిన రోజే మా మగ్గం ఆగింది. లోపలి నరం తెగిందన్నారు. మొదట అతని తొడలోని నరమే తీసి వేశారు, అది నిలవలేదు. రెండోసారి హైదరాబాదులో, చనిపోయిన ఒక మనిషిది వేశారు. ఎవరిదో చెప్పలేదు. ఇలాంటిది కుదురుకోవడానికి ఎక్కువ కాలం పడుతుందని, అందరికీ నిలుస్తుందని మాటివ్వలేనని, తొమ్మిది నెలలు మగ్గం తొక్కవద్దని డాక్టరు అన్నాడు.

పక్కింటి పెద్దమ్మ ఊరుకోలేదు.

"సచ్చినోని నరంతోని నేసిన చీర పెండ్లికి ఎవరు కడ్తరు బిడ్డా?"

"పట్టు బతికున్న పురుగుదా, పెద్దమ్మా?" అన్నాడు అన్న.

ఆ తొమ్మిది నెలల్లోనే పెత్తరమాస వచ్చింది. పెద్దలను తలుచుకునే ఆ అమావాస్యనాడు, పోయినవాళ్ల పేరు చెప్పి, ఒక్కొక్కరికి దోసెడు బియ్యం అయ్యవారికి ఇస్తాం. తాత పేరు, నాన్న పేరు అయ్యాక అమ్మ మరో దోసెడు వేరే ఆకులో పోసింది. ఇది ఎవరి పేరునని అయ్యవారు అడిగాడు.

"పేరు తెల్వదు. మా పిల్లగాని మోకాల్ల ఉన్నడు."

అన్నకు నచ్చలేదు. "ఏడాది దాటినంక అది నా ఒంట్ల కలిసి నాదే అయితదని డాక్టర్ సార్ చెప్పిండమ్మా."

"కానియ్యి. ఇచ్చినోడు ఇచ్చినోడే."

తొమ్మిది నెలలూ నిండి అన్న గుంటలోకి దిగిన ఆ ఉదయం నేను మగ్గం చప్పుడు కంటే అన్న ఊపిరినే ఎక్కువ విన్నాను. అది ఎక్కడా తడబడలేదు. మధ్యాహ్నానికి జానెడు చీర దిగింది. సాయంత్రం అమ్మ ఒక నూలుపోగుతో అతని రెండు మోకాళ్లూ కొలిచింది. కుడిది వాచలేదు. నమ్మకం చాలక మళ్లీ కొలిచింది. రెండూ ఒకటే. మేం ముగ్గురం అన్నం తిన్నాం. అంత తృప్తిగా ఎప్పుడూ తినలేదు.

ఆ చీర పెద్దమ్మే తీసుకుంది, మనవరాలి పెళ్లికి. పెళ్లిపందిట్లో అన్న వడ్డన చేశాడు, వంగుతూ లేస్తూ, ఆఖరి బంతి దాకా.

తర్వాత ఆరేళ్లు నేశాడు. ఆ మోకాలు ఒక్కరోజూ అతని చేత పని మాన్పించలేదు. ఆరో ఏట జ్వరం వచ్చి పోయాడు. మోకాలూ అతనితోనే పోయింది.

ఆ ఏటి పెత్తరమాసకు అన్న పేరు చెప్పి అమ్మ ఆకులో దోసెడు పోసింది. ఏటా వేరే ఆకులో పోసే దోసెడు కూడా అదే ఆకులో పోసింది.

నరమిచ్చినవాడి బియ్యం మా ఇంట్లో ఇప్పుడు వేరుగా తీయము.