సోమలింగం గ్రౌండులోకి ఉరికిన ఆదివారం

పర్వత్ పాటియాలో ఆ ఎండాకాలమంతా ఒకటే పంచాయితీ. వినోద్‌ను అమ్రోలి టీముకిచ్చి, బదులుగా మహేశ్‌ను, ఇంకో కుర్రాడిని తెచ్చుకోవడం లాభమా, నష్టమా? సూరత్ తెలుగు బస్తీల మధ్య జరిగే బాస్కెట్‌బాల్ పోటీల్లో, ఆటలు మొదలయ్యే ముందు టీములు ఆటగాళ్లను మార్చుకోవచ్చు. అలాగని అందరికంటే బాగా ఆడేవాడిని ఎవరూ ఇచ్చుకోరు. పర్వత్ పాటియా వాళ్లు ఇచ్చుకున్నారు. ఇచ్చాక చాయ్ బండి దగ్గర నోళ్లు మూతపడితే ఒట్టు.

"ఒక్కనికి ఇద్దరచ్చిండ్రు, ఇంకేం గావాలె?" అనేవాడు లక్ష్మీరాజం. చీరల మార్కెట్లో దలాలీ చేసే పెద్దమనిషి. ఈ మార్పిడి చేయించింది ఆయనే. "పోయినేడు మోకాలు మెలివడ్డ పోరడు. ఎన్నొద్దులు మోస్తం?"

"గదే మోకాలుతోని అమ్రోలోళ్లను ఒక్కడే గెలిపిస్తుండు గదనే!" అని అవతలివాళ్లు ఎగిరేవారు. లక్ష్మీరాజం ముఖం మాడిపోయేది. అమ్రోలి గెలిచిన ప్రతిసారీ ఆయన పెద్దరికం ఒక మెట్టు దిగుతోంది మరి.

ఇదంతా వినోద్ తండ్రి సోమలింగం పక్కనే నిలబడి వింటూ ఉండేవాడు. వింటూ అంటే తప్పు, చూస్తూ. జగిత్యాల వైపు నుంచి మూతిమీద మీసం రాకముందే సూరత్ వచ్చి సాంచాల కార్ఖానాలో పడ్డ మనిషి. ఆ మరమగ్గాల మోతలో ఎవరి మాట ఎవరికీ వినబడదు. దగ్గరుంటే పెదాలు చూసి, దూరముంటే చేతులతో సైగ చేసి మాట్లాడుకోవడమే. చెవులు సగానికి పైగా పోయాయి గానీ, గ్రౌండుకు ఆ చివర ఎవరి పెదాలు కదిలినా సోమలింగానికి మాట తెలిసిపోతుంది. ఈ సంగతి కార్ఖానా వాళ్లకు తెలుసు, మార్కెట్ వాళ్లకు తెలియదు.

సోమలింగం పిరికివాడు, దాచడం దేనికి. శేఠ్ ముఖం చిట్లిస్తే అన్నం సయించదు. కొడుకు ఆటకు పోతే తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడతాడు. ఇంకోసారి ఆ మోకాలు మెలిపడితే ఆట మాట మరిచిపోవాలని డాక్టరు చెప్పినప్పటి నుంచీ ఆ భయం రెండింతలైంది. ఇప్పుడు వచ్చేవారమే ఆటగాళ్లకిచ్చే రైల్వే ఉద్యోగానికి సెలెక్షన్. అది వస్తే వినోద్ సాంచాల మధ్యకు పోనక్కర్లేదు. వాడి చెవులు వాడికి మిగులుతాయి. సోమలింగానికి అంతకు మించిన కోరిక లేదు.

ఆదివారం సాయంత్రం వినోద్ పాత టీముకు, కొత్త టీముకు ఆట పడింది. జనం గోడలెక్కి కూర్చున్నారు, డోళ్లు మోగుతున్నాయి. సోమలింగం ఏ గుంపులోనూ కలవకుండా మెట్లమీద ఒక మూల కూర్చున్నాడు. సగం ఆట అయ్యేసరికి వినోద్ అమ్రోలిని ముందుంచాడు. నీళ్లు తాగడానికి ఆట ఆపారు. అవతలి వైపు లక్ష్మీరాజం మహేశ్ భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు. సోమలింగం చూపు అలవాటుగా ఆయన పెదాల మీద పడింది.

"వాడు ఎగిరి దిగేటప్పుడు నీ కాలు వాని కాలు కింద వెట్టు. గా మోకాలు వోవాలె."

"అద్దు కాక," అని మహేశ్ వెనక్కి జరిగాడు.

"నీకు మార్కెట్ల పని ఇప్పిచ్చింది ఎవలురా?"

మహేశ్ వంగి బూటు లేసు బిగించుకున్నాడు. సోమలింగం మెట్లు దిగి రెఫరీ దగ్గరికి పోయి ఆ మాట చెప్పబోయాడు. ఆయన "బైఠో కాకా, బైఠో" అని చెయ్యి ఊపి పంపేశాడు. పెదాల మీద చదివిన మాటకు సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తాడు?

ఆట మళ్లీ మొదలైంది. సోమలింగం గీత పక్కన నిలబడి, రెండు పిడికిళ్లూ తలమీద అడ్డంగా పెట్టాడు. సాంచాలో ఎవరి చెయ్యైనా చిక్కుకోబోతే చేసే సైగ అది, వెంటనే ఆపు అని. వినోద్ చిన్నప్పటి నుంచి ఎరిగిన సైగే. వాడు చూశాడు. వాడితో పాటు సగం బస్తీ చూసింది, అందరూ కార్ఖానా మనుషులేనాయె.

"అరె, ఇగ ఆపు బిడ్డా అంటుండు! కొడుకును ఓడిపొమ్మంటుండు!" పర్వత్ పాటియా వాళ్లు ఈలలేశారు. అమ్రోలి వాళ్లు తిట్టారు. వినోద్ ముఖం కందగడ్డైంది. ఆ పౌరుషంలో ఇంకా ఎత్తుకు ఎగరసాగాడు. వాడు ఎగిరిన ప్రతిసారీ సోమలింగం మహేశ్ కాళ్లు ఎక్కడున్నాయో చూసుకునేవాడు.

పాటియా వాళ్లు ఎలాగో పుంజుకున్నారు. చివరికి అమ్రోలి ఒక్క పాయింటు వెనకబడింది, ఆట ముగియబోతోంది. బంతి వినోద్ చేతికొచ్చింది. మహేశ్ వాడికి దగ్గరగా జరిగాడు. ఆ అడుగు ఎందుకో, వేసినవాడికీ వేయించినవాడికీ కాక, గ్రౌండులో సోమలింగానికొక్కడికే తెలుసు. వినోద్ గాల్లోకి లేచాడు.

సోమలింగం ఉరికాడు. అరిచాడో లేదో ఆయనకే తెలియదు. రెఫరీ విజిల్ ఊదాడు. ముసలాయన మీదికొస్తుంటే మహేశ్ ఉలిక్కిపడి, చాపబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. వినోద్ రెండు కాళ్ల మీదా దిగాడు. బంతి కూడా బుట్టలో పడింది. కానీ బయటి మనిషి గ్రౌండులోకి వచ్చాడని రెఫరీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మిగిలిన ఆట కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. అమ్రోలి ఓడింది. మహేశ్ సోమలింగాన్ని ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుని జనంలో కలిసిపోయాడు.

పాటియా వాళ్లు సోమలింగాన్ని చుట్టుముట్టారు. లక్ష్మీరాజం ఆయన భుజం మీద చెయ్యేసి, "ఇగ చెప్పుండ్రి, అదల్‌బదల్ లాభమా, నష్టమా? కొడుకునిచ్చి తండ్రిని గూడ తెచ్చుకున్నం!" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఇన్నాళ్ల పంచాయితీ అక్కడితో తెగిపోయింది. ఇందాక మహేశ్ భుజం మీద పడ్డ చెయ్యే అది.

వినోద్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఎందుకు చేసినవ్ బాపు? ఈళ్లు నన్ను ఇచ్చేసిండ్రంటే ఓర్సుకున్న. నువ్వు గూడ ఇచ్చేసినవా?"

ఉన్నది చెబితే వాడు ఇక్కడే లక్ష్మీరాజం గల్లా పట్టుకుంటాడని సోమలింగానికి తెలుసు. మంది మీద పడతారు. ఏ కాలు కోసం ఉరికాడో ఆ కాలే విరుగుతుంది. విరగకపోయినా పోలీసు కేసైతే రైల్వే పని ఎవరిస్తారు?

"నాకు భయమైంది బిడ్డా."

"దేనికి?"

సోమలింగం కొడుకు చెయ్యి పట్టుకోబోయాడు. వినోద్ విదిలించుకుని వెనుదిరిగాడు. విసవిసా, రెండు కాళ్ల మీదా ఒకే బరువు వేసి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పోయాడు. ఈ రాత్రికి ఇంటికొస్తాడో రాడో తెలియదు. కొడుకు కనబడినంతసేపూ సోమలింగం వాడి మోకాలినే చూస్తూ నిలబడ్డాడు.