ఒక్కపొద్దు గోలి

రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లు ఉన్నాయనగా, జూన్ బదిలీల్లో నన్ను స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వరంగల్‌లోని ఒక పెద్ద ప్రభుత్వ దవాఖానకు వేశారు. హోదా ఫార్మసిస్ట్ గ్రేడ్-1. అంటే స్టాకు రిజిస్టరు, ఇండెంట్లు, గడువు తీరబోయే మందుల మీద నిఘా నా పని. కిటికీలో కూర్చుని మందులివ్వడం గ్రేడ్-2 వాళ్లది. మనుషులు చాలక, ఎముకల ఓపీ ఉండే సోమ, గురువారాల్లో నాలుగో నంబరు కిటికీలో నేనే కూర్చునేదాన్ని. పాపం మేడంకు పెద్దతనంలో ఈ తిప్పలేమిటని అందరూ జాలిపడేవారు. నిజానికి నాకు రిజిస్టరు కంటే కిటికీయే ఇష్టం. రిజిస్టరు ఎదురు ప్రశ్నలు వెయ్యదు.

ఎముకలు గుల్లబారిన వాళ్లకిచ్చే వారం మాత్ర మా స్టోరుకు అప్పుడే కొత్తగా రావడం మొదలైంది. మందు పేరు అలెండ్రోనేట్. వారానికి ఒక్కటే మింగాలి. పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతో. ఆ తర్వాత అర్ధగంట ఏమీ తినకూడదు, తాగకూడదు, పడుకోకూడదు. ఇవేవో మడి ఆచారాలు కావు. పాలల్లోని కాల్షియం ఈ మందును పట్టుకుని ఒంటికి చేరనివ్వదు. చాయ్ కూడా దాని బలం తగ్గిస్తుంది. ఇక మింగి ఒరిగితే, మాత్ర గొంతుకూ కడుపుకూ మధ్య గొట్టంలోనే నిలిచి పుండు చేస్తుంది.

చదువు రాని వాళ్లకు మేము మందు కవరు మీద మూడు గళ్లు గీస్తాం. పొద్దున, పగలు, రాత్రి. ఏ గడిలో గీత ఉంటే ఆ పూట వేసుకోవాలి. ఈ పద్ధతి రోజూ వేసుకునే మందులకు బాగా నడుస్తుంది. వారానికి ఒకసారి వేసుకునే దానికి ఏ గడి గీయాలి? లైనులో వంద మంది ఉంటారు, ఒక్కొక్కరికి నిమిషం కూడా దక్కదు. ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. మా వైపు ఆడవాళ్లలో చాలామంది వారానికి ఒకరోజు ఒక్కపొద్దు ఉంటారు, శనివారం వెంకన్నకో, సోమవారం శివయ్యకో. ఒక్కపూటే అన్నం తింటారు. "ఒక్కపొద్దు నాడు పొద్దున్నే ఏసుకో" అంటే వారానికి ఒకసారి అన్నదీ, పరగడుపున అన్నదీ రెండూ ఒక్క మాటలో అయిపోతాయి. నా తెలివికి నేనే మురిసిపోయి, గ్రేడ్-2 పిల్లలకు కూడా అదే నేర్పాను.

రాజవ్వ ఆగస్టులో వచ్చింది. అరవై ఆరేళ్ల మనిషి. ఎనుమాముల యార్డులో మిర్చి తొడిమలు తీసే పని. యార్డులో గోనె సంచి మీద కాలు జారి పడితే మణికట్టు విరిగింది. కట్టు విప్పాక స్కానింగ్ తీయించిన డాక్టరమ్మ, ఎముకలు గుల్లబారాయని వారం మాత్ర రాసింది. నాలుగు మాత్రల పట్టీ ఇచ్చి, నా ఒక్కపొద్దు మాట చెప్పి పంపాను. మూడు వారాలు తిరగకముందే ఆమె మిగిలిన మాత్ర పట్టుకుని వచ్చి కిటికీలో పెట్టింది.

"మేడం, గీ గోలి వాపస్ తీస్కో. ఏసుకున్నప్పుడల్లా ఛాతిల మంట. చెయ్యి అతుక్కున్నది, నొప్పి గూడ లేదు. నొప్పి లేనిదానికి గోలెందుకు?"

ఇచ్చిన మందు వాపసు తీసుకునే రూలు లేదు. మందు పడకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లి, "పడలేదు" అని చిట్టీ మీద రాయించుకోవాలి. అలా ఒకసారి రాస్తే ఆ మందు కథ ముగిసినట్టే, తర్వాత వచ్చే డాక్టరు కూడా దాని జోలికి పోరు. దానికి బదులుగా వాడే ఇంజెక్షన్ అప్పట్లో మా స్టోరులో లేదు. మామూలుగా అయితే ఆమెను డాక్టరు గదికి పంపించి తర్వాతి చిట్టీ అందుకునేదాన్ని. కానీ అదే పదిహేను రోజుల్లో మరో ఇద్దరు ఆడవాళ్లు ఇదే మంట అని వచ్చిపోయారు. ముగ్గురికీ మంట శనివారమే. మందు తయారీలో లోపమా, మనిషిలో లోపమా అన్న కుతూహలం నన్ను పట్టుకుంది. కిటికీ గ్రేడ్-2 అమ్మాయికి అప్పగించి, రాజవ్వను స్టోరు గదిలోకి తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టాను. శనివారం లేచింది మొదలు ఏం చేస్తావో ఒక్కొక్కటే చెప్పమన్నాను.

"ఏమున్నది? లేత్త. తానం చేత్త. దీపం ముట్టిత్త. నువ్వు చెప్పినట్టే గోలి ఏసుకుంట."

దేనితో అని అడిగాను.

"పాలతోని. ఒక్కపొద్దు గద, ఇంకేం ముట్ట. ఎముకలకు పాలు మంచియే గద."

ఆ తర్వాత ఏం చేస్తావని అడిగాను.

"జర నడుం వాలుత్త. పొద్దుగూకెదాక అన్నం తిననాయె, ఓపికుండాలె గద."

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. ఎందుకంటే ఒక్కపొద్దు నేనూ ఉంటాను. శనివారం పదకొండు కొట్టేలోపు రెండు చాయ్‌లు తాగుతాను. పాలతో, చాయ్‌తో ఒక్కపొద్దు చెడదని మా ఇళ్లలో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. ఆ రోజు పని తగ్గించుకుని నడుం వాల్చడం కూడా మామూలే. దేవుడికి సరిపోయిన ఉపవాసం మందుకు సరిపోదు. ముప్పై ఏళ్ల సర్వీసు వెనకేసుకుని, ఆ తేడా నా బుర్రకు తట్టలేదు. చేసిన తప్పు రాజవ్వది కాదు. ఆమె నా మాట అక్షరం పొల్లుపోకుండా పాటించింది.

డాక్టరమ్మ నా కంటే పాతికేళ్లు చిన్నది. ఆమె ముందు నిలబడి, ఈ మంట మందుది కాదు, నా సలహాది అని ఒప్పుకోవడం తేలిగ్గా జరగలేదు. ఆమె రాజవ్వ చిట్టీ తీసుకుని పెన్ను మూత పెట్టేసింది. ఛాతీ మంట పూర్తిగా తగ్గేదాకా మాత్ర ఆపాలని, తగ్గాక తనే మళ్లీ చూస్తానని, సరిగ్గా వాడకుండా పడలేదని రాయడం కుదరదని చెప్పింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆ సాయంత్రం ఇష్యూ రిజిస్టరు తీసి, ఆ మాత్ర పట్టుకెళ్లిన పంతొమ్మిది మంది ఫోన్ నంబర్లు రాసుకుని, వరసగా ఫోన్ చేసి, ఎలా వేసుకుంటున్నారో అడిగి సరిచెప్పాను. పదకొండు మంది పాలతోనో చాయ్‌తోనో వేసుకుంటున్నారు. ఏటూరునాగారం దగ్గరి నుంచి వచ్చే ఒకామె మాత్రం ఒక్కపొద్దు ఉండే అలవాటే లేదని, అందుకని మాత్ర వేసుకోనే లేదని చెప్పింది.

రెండు వారాలకు మంట తగ్గి రాజవ్వ మళ్లీ వచ్చింది. డాక్టరమ్మ చూసి, కావాలంటే మొదలుపెట్టవచ్చు, నిర్ణయం నీదే అందట. అయితే ఆమె నిర్ణయం తీసుకోకుండా నా దగ్గరికి వచ్చి కూర్చుంది. అప్పటికి నేను మేడం నుంచి చెల్లెను అయ్యాను.

"చెల్లె, ఏసుకుంటె ఇరుగదా?"

విరగదని చెప్పలేను, విరిగే అవకాశం తగ్గుతుంది అన్నాను.

"అంటె గ్యారంటీ లేదు."

లేదన్నాను. వేసుకోకపోతే తప్పకుండా విరుగుతుందా అంటే, అదీ చెప్పలేను. ఒకసారి విరిగిన వాళ్లకు మళ్లీ విరిగే భయం ఎక్కువ, అంతే. మందు పనిచేస్తున్నట్టు ఒంటికి తెలుస్తుందా అని అడిగింది. తెలియదు. ఎన్నేళ్లని అడిగింది. ఐదేళ్లయ్యాక ఆపాలా, కొనసాగించాలా అని డాక్టరు మళ్లీ చూస్తారని చెప్పాను. ఊగుతున్న పన్ను ఒకటి చూపించింది. అరుదుగానైనా ఈ మందుతో దవడ ఎముక దెబ్బతినవచ్చు కాబట్టి, ముందు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి అది తేల్చుకోమన్నాను. నా సర్వీసులో ఒక మాత్ర గురించి ఇన్ని మంచి ప్రశ్నలు డిగ్రీలున్న వాళ్లు కూడా అడగలేదు. అన్నీ విన్నాక ఆమె తన అక్క సంగతి ఎత్తింది.

"మా అక్క బాత్రూముల పడి తుంటి ఇరిగింది. మంచంల వడ్డది, మల్ల లేవలే. నాకు సావంటె ఫికర్ లేదు. మంచమంటెనే భయం. యార్డుకు నడుసుడు బందయితె నాకేమున్నది?"

మళ్లీ తనే అంది. "మిర్చికి తెగులు రాకముందే మందు కొడుతరు. గా మందుకు గ్యారంటీ ఉంటదా? అయినా కొడుతరు. కొట్టినా తెగులు వత్తె, కొట్టలేదన్న బాధన్న ఉండదు."

వేసుకో అని నేను అనలేదు. వద్దనీ అనలేదు. నోరు మూసుకుని ఉండటం నాకు ఎంత కష్టమో నన్నెరిగిన వాళ్లకు తెలుసు. పన్ను తీయించుకుని, పుండు మానాక ఆమె వచ్చి పట్టీ తీసుకుంది. ఈసారి నేనేమీ చెప్పకుండా, ఎలా వేసుకుంటావో నువ్వే చెప్పమన్నాను.

"సోమారం ఏసుకుంట. గ్లాసు నీళ్లతోని మింగి, యార్డుకు నడుత్త. ఆడికి పోయెసరికి అర్ధగంట పడుతది. నడిశేటోళ్లు ఒరుగరు గద. ఆడ చాయ్ తాగుత."

ఈ ఏర్పాటు ఏ ఫార్మసీ పుస్తకంలోనూ లేదు, దానిలో తప్పు పట్టడానికీ ఏమీ లేదు. నేను రిటైరయ్యే దాకా ఆమె నెలనెలా వచ్చి పట్టీ తీసుకెళ్లింది. మంట మళ్లీ రాలేదు. ఎముక మళ్లీ విరగలేదు. అది మాత్ర వల్లనా, ఆమె జాగ్రత్త వల్లనా, ఆమె అదృష్టమా అంటే నాకు తెలియదు, ఆమెకూ తెలియదు.

పోయిన ఏడాది నా స్కానింగ్‌లోనూ ఎముకలు గుల్లబారాయన్న మాటే వచ్చింది. డాక్టరు వారం మాత్ర సంగతి చెప్పి, నిర్ణయం మీదేనన్నాడు. నాకు మంచం భయం రాజవ్వ కంటే తక్కువేమీ కాదు. ఆమె ప్రశ్నలన్నీ అదే వరసలో అడిగాను, అవే జవాబులు విన్నాను, వేసుకోవడానికే నిశ్చయించుకున్నాను. ఫార్మసిస్టునని తెలిసి డాక్టరు ఎలా వేసుకోవాలో వివరించలేదు. అర్థమైంది కదా అన్నాడు, అర్థమైందన్నాను. మొదటి రోజు తెల్లవారుజామున మాత్ర బల్ల మీద పెట్టుకుని, నిద్రకళ్లతో పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టాను. చక్కెర డబ్బా మూత తీశాక గుర్తొచ్చింది.

మందిచ్చే వాళ్లు అర్థమైందా అని అడగడం వల్ల ఉపయోగం లేదు. రేపు లేవగానే ఏం చేస్తావని అడగాలి. నన్నెవరైనా ఆ మాట అడిగి ఉంటే, చాయ్ పెట్టుకుంటానని చెప్పేదాన్ని.